పక్కన పెట్టమన్న పుస్తకం

7, చాపెల్ లేన్,
మార్ష్‌బీ.
6 మే 1986, మంగళవారం.

హాలోబీ గ్రంథాలయం, పిల్లల విభాగం అధికారి గారికి,

నిన్న సాయంత్రం మా ఇంట్లో ఎవరో నవ్వారు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

నవ్వింది నా మనవరాలు టామ్సిన్. తొమ్మిదేళ్ళది. దాని తల్లి, అంటే నా కూతురు రూత్, ఫిబ్రవరిలో మమ్మల్ని విడిచి వెళ్ళింది. ఆ రోజు వాన పడుతున్నా చాలామంది వచ్చారు. హామ్ సాండ్‌విచ్ ఒక్కటి మిగల్లేదు. తండ్రి సంగతి రాయదగ్గది కాదు. ఆయనకు వేరే ఊళ్ళో వేరే సంసారం ఉంది. అందుకని పిల్ల నా దగ్గరే ఉంటోంది. ఉంటోందనే గాని నాతో మాట్లాడదు. 'ఊఁ', 'వద్దు', 'అయిపోయింది'. ఈ మూడు మాటలతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఏడవనూ లేదు. ముప్పై ఏడేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. మొండి పిల్లల్ని చూశాను, బెదురు పిల్లల్ని చూశాను. ఇలాంటి మౌనం చూడలేదు. ఆ పిల్ల నోరు విప్పి నాతో మనిషితో మాట్లాడినట్టు ఒక్క మాట మాట్లాడితే చాలు. నాకు ఇంకో కోరిక లేదు.

అలాంటి పిల్ల నిన్న గది తలుపు వేసుకుని నవ్వింది. కిసుక్కున కాదు, పొట్ట పట్టుకుని. నేను మెట్ల మీదే ఆగిపోయాను. తలుపు తీసి చూస్తే చేతిలో మీ గ్రంథాలయం పుస్తకం ఉంది. పేరు 'మిగిలిన క్రంప్‌లు', మొదటి భాగం. రాసినవారు అంబ్రోస్ టీగ్ అట.

ఇవాళ పిల్ల బడికి వెళ్ళాక కూర్చుని మొత్తం చదివాను. క్రంప్‌లనే ముగ్గురు అనాథ పిల్లలు ఒక బంధువు ఇంటి నుంచి ఇంకో బంధువు ఇంటికి చేరుతుంటారు. చేరిన ప్రతిచోటా ఆ బంధువుకు కాలం చెల్లుతుంది. ప్రూడెన్స్ పిన్ని కూరగాయల పోటీ కోసం పెంచిన గుమ్మడికాయ కింద పడి నలుగుతుంది. ఆ గుమ్మడికాయకు రెండో బహుమతి వస్తుంది. ఒక్క మొదటి భాగంలోనే ఇలాంటి అవాంతరాలు పదకొండు. పెద్దవాళ్ళవి తొమ్మిది, గుర్రానిది ఒకటి, తేలనిది ఒకటి.

ఇలాంటి పుస్తకం నేను డెబ్బై ఏళ్ళలో చదవలేదు. చదివాక నోట మాట రాలేదు. దయచేసి దీన్ని వెంటనే పక్కన పెట్టండి.

ఇట్లు,
మర్యాద తప్పకుండా,
(శ్రీమతి) హెస్టర్ ప్రెస్కాట్,
విశ్రాంత ప్రధానోపాధ్యాయిని.

తా.క. నలభయ్యో పేజీలో ఆవిరి పుడ్డింగు ఇరవై నిమిషాల్లో ఉడికిందని ఉంది. ఉడకదు. అవాంతరాల మాట అటుంచినా అబద్ధానికి ఒక హద్దుండాలి.


పిల్లల విభాగం,
హాలోబీ గ్రంథాలయం.
9 మే 1986.

గౌరవనీయులైన ప్రెస్కాట్ గారికి వందనాలతో,

మీ ఉత్తరం అందింది. నేను రెండుసార్లు చదువుకుని, మూడోసారి ఇక్కడ పనిచేసే అందరికీ చదివి వినిపించాను. నేను లెస్టర్ నుంచి ఈ ఊరికి వచ్చి రెండు నెలలయింది. ఇంతవరకూ పాఠకుల దగ్గరనుంచి రెండే ఉత్తరాలు వచ్చాయి. ఒకటి మా మరుగుదొడ్డి గురించి. రెండోది కూడా దాని గురించే. పుస్తకం చదివి నోట మాట రాలేదని రాసినవారు మీరొక్కరే.

మీరు కోరినట్టే పుస్తకాన్ని మీ పేరు మీద పక్కన పెట్టాను. మొదటి భాగం ఆగస్టు దాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఇంకెవరు అడిగినా ఇవ్వను. మీ అభిరుచి చూసి, రెండో భాగం కూడా మీ కోసమే పక్కన పెట్టాను. మార్ష్‌బీ వచ్చే పుస్తకాల బండిలో ఇవాళే పంపుతున్నాను.

పాప గురించి బెంగ పెట్టుకోకండి. అమ్మ ఊరు వెళ్తే పిల్లలు కొన్నాళ్ళు అలుగుతారు. మీ అమ్మాయి గారికి అంత ఘనంగా వీడ్కోలు ఇచ్చారని చదివి సంతోషించాను. వానలో అంతమంది రావడమంటే మాటలా. మా అక్క ఆస్ట్రేలియా వెళ్ళిన రోజు నేనూ టాక్సీ డ్రైవరూ తప్ప ఎవరూ లేరు. మాకు సాండ్‌విచ్‌లు చాలా మిగిలాయి. రూత్ గారు ఏ ఊరు వెళ్ళారో మీరు రాయలేదు. ఎక్కడైనా సరే, కాస్త ఎండ ఉన్న చోటే అయి ఉంటుందని ఆశిస్తాను.

ఇట్లు,
మీ ఉత్తరంతో వారమంతా హుషారుగా ఉన్న,
డెస్మండ్ పిల్లింగ్.

తా.క. మీరు తేలలేదన్న ఆ ఒక్కడు పోస్టుమాన్. రెండో భాగంలో తేలతాడు. చెరువులో.


7, చాపెల్ లేన్,
మార్ష్‌బీ.
12 మే.

పిల్లింగ్ గారికి,

మీ ఉత్తరం అందింది.

మా అమ్మాయి తిరిగి రాదు. ఆ ప్రస్తావన మళ్ళీ తేవద్దు.

ఇక పుస్తకం సంగతి. నేను రాసింది మీకు ఒక ముక్క కూడా ఎక్కినట్టు లేదు. ఇంతకంటే తేటగా ఎలా రాయాలో నాకు తెలియదు. ఇది పిల్లల చేతుల్లోంచి లాక్కోవలసిన పుస్తకం. ఇది మా ఇంట్లో అడుగుపెట్టిన దగ్గరనుంచి నాకు తిండి సయించడం లేదు, ఇంకో పని మీద మనసు నిలవడం లేదు.

శుక్రవారం మీ బండి వచ్చింది. నేను ఏప్రను విప్పి గుమ్మంలోకి వెళ్ళేలోపే టామ్సిన్ రెండో భాగం అందుకుంది. టీ బల్ల దగ్గర చదువుతూ, రొట్టెముక్క గొంతుకు అడ్డం పడేలా నవ్వింది. అంత నవ్వొచ్చే విషయం ఏమిటో నాకూ చెప్పమ్మా అని అడిగాను. పుస్తకాన్ని ఒళ్ళోకి దించుకుని ఏం లేదంది. దాని ముఖం మీద నవ్వు ఆరిపోవడం కళ్ళారా చూశాను. పుస్తకానికి ఇచ్చిన నవ్వు అమ్మమ్మకు ఇవ్వలేదు. పోయినవాళ్ళని చూసి ఇలా నవ్వే పిల్ల పెద్దయ్యాక ఏమవుతుంది? గుండె రాయి అయిపోతుందా? ఇప్పటికే అయిపోయిందా? నాకు భయంగా ఉంది. భయమని రాయడం నాకు అలవాటు లేదు.

చదవకుండా తీర్పు చెప్పే మనిషిని కాను. కాబట్టి మిగతా భాగాలన్నీ పంపండి. పెన్సిల్ పట్టుకుని వాక్యం వాక్యం చూస్తాను. ఆ తర్వాత మీ పైవాళ్ళకు రాస్తాను.

ఇట్లు,
ఉన్న ఓపికంతా కూడదీసుకుని,
హెస్టర్ ప్రెస్కాట్.

తా.క. పోస్టుమాన్ తేలిన చెరువు ఇరవై రెండో పేజీలో మోకాలి లోతు. యాభయ్యో పేజీకి వచ్చేసరికి అందులో పడవ మునిగింది. మీ టీగ్ గారు నా తరగతిలో చదివి ఉంటే ఇలా రాసేవాడు కాదు.


హాలోబీ గ్రంథాలయం.
16 మే 1986.

ప్రియమైన ప్రెస్కాట్ గారికి,

మీ రెండో ఉత్తరం మొదటిదాన్ని మించింది. 'పిల్లల చేతుల్లోంచి లాక్కోవలసిన పుస్తకం!' పత్రికల్లో సమీక్షలు రాసేవాళ్ళు ఇలాంటి ఒక్క వాక్యం కోసం తల బాదుకుంటారు. మిమ్మల్ని అడగకుండానే చొరవ తీసుకున్నాను. మీ మాటలన్నీ పెద్ద అట్ట మీద ఎర్ర సిరాతో రాయించి గుమ్మం ఎదురుగా నిలబెట్టాను:

'డెబ్బై ఏళ్ళలో ఇలాంటి పుస్తకం చదవలేదు. నోట మాట రాలేదు. తిండి సయించడం లేదు. పిల్లల చేతుల్లోంచి లాక్కోవలసిన పుస్తకం. — శ్రీమతి హెస్టర్ ప్రెస్కాట్, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని, మార్ష్‌బీ.'

జిల్లా గోదాము నుంచి ఇంకొన్ని ప్రతులు తెప్పించాను. పెద్దవాళ్ళు నిజంగానే లాక్కోవడం మొదలుపెట్టారు. డాక్టర్ గారి భార్య తోటపని పుస్తకం లోపల పెట్టుకుని చదువుతోంది. గులాబీల గురించి చదువుతూ ఎవరూ అలా భుజాలు కదిలేలా నవ్వరు. నా మాటకొస్తే, బస్సులో చదువుతూ మా వీధి దాటిపోయి, చివరి స్టాపులో డ్రైవర్ దించేదాకా చూసుకోలేదు. మేజర్ స్టాబ్స్ గారు మనవడి కోసమని మొదటి భాగం తీసుకెళ్ళారు. ఆయనకు పెళ్ళే కాలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం బల్ల మీదికి వంగి మెల్లగా అన్నారు: "యుద్ధంలో మేం ఇలాగే మాట్లాడుకునేవాళ్ళమయ్యా, పిల్లింగ్. ఇంటికొచ్చాక అలా మాట్లాడ్డానికి ఒక్క మనిషి దొరకలేదు." రెండో భాగం కోటు లోపల పెట్టుకుని వెళ్ళారు.

మీరడిగిన మూడు, నాలుగు, అయిదు భాగాలు ఈ ఉత్తరంతోపాటే బండిలో వస్తున్నాయి.

మీ ఇంటి విషయం ఎత్తవద్దన్నారు. ఎత్తను. ఒక్క మాట మాత్రం చెప్పనివ్వండి. తల్లీ కూతుళ్ళ మధ్య పట్టింపులు ఎన్నాళ్ళుంటాయి? తిరిగి రాదని మీరు గట్టిగా రాశారు. పెద్దవారు, మీరే ఒక మెట్టు దిగండి. ముందు మీరే ఒక ఉత్తరం రాయండి. చిరునామా లేకపోతే నాకు చెప్పండి. ఇక్కడ అన్ని ఊళ్ళ టెలిఫోన్ పుస్తకాలూ ఉన్నాయి.

ఇట్లు,
మీ మేలు కోరే,
డెస్మండ్ పిల్లింగ్.

తా.క. అయిదో భాగంలో ఒక అమ్మమ్మ వస్తుంది. మీకు తప్పకుండా నచ్చుతుంది. నారింజ తొక్కలతో మార్మలేడ్ జామ్ వండుతుంది.


7, చాపెల్ లేన్,
మార్ష్‌బీ.
22 మే.

పిల్లింగ్ గారికి,

టెలిఫోన్ పుస్తకం అక్కర్లేదు. రూత్ మా చర్చి వెనక, తూర్పు గోడ పక్కన ఉంది. ఫిబ్రవరి నుంచి ఏ కాగితం మీదా రాయని మాట మీ కోసం రాస్తున్నాను. రూత్ చచ్చిపోయింది. హామ్ సాండ్‌విచ్‌లు అందుకు పెట్టాం. మీ లెస్టర్ వైపు చావుకు ఏం పెడతారో నాకు తెలియదు.

అట్ట సంగతి కూడా తెలిసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక టీ దగ్గర క్రాపర్ గారి భార్య అందరికీ వినబడేలా పలకరించింది. "ఏమ్మా హెస్టర్, తిండి కూడా సయించడం లేదటగా? నువ్వొక్కదానివే లాక్కుని చదువుకోకపోతే మాకూ ఒక ముక్క చెప్పకూడదూ?" ఆవిడ పక్కన ఉన్నవాళ్ళంతా బిస్కెట్లు నములుతూ నా జవాబు కోసం చూశారు. పాస్టరుగారు నన్ను ఒక పక్కకు తీసుకెళ్ళారు. నాలుగు ఓదార్పు మాటలు చెప్తారనుకున్నాను. గుర్రం బతుకుతుందా అని అడిగారు. ఈ ఊళ్ళో నేను సంపాదించుకున్న పేరంతా మీ అట్టముక్క మింగేసింది. దాన్ని తీసేయండి.

ఇది రాయడానికి అసలు కారణం వేరు. మొన్న మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని అయిదో భాగం దిద్దుతున్నాను. మీరు చెప్పిన ఆ అమ్మమ్మ పెద్ద రాగి పాత్రలో మార్మలేడ్ వండుతుంది. పాత్ర అంచు మీద నిలబడి తెడ్డుతో తిప్పుతుంది. ఎప్పుడు జారుతుందా అని క్రంప్ పిల్లలు కింద కూర్చుని ఎదురుచూస్తుంటారు. నేను పేజీ పక్కన రాశాను: 'చెప్పిన కొలతల ప్రకారం ఈ పాత్రలో ఎదిగిన మనిషి పట్టదు. మోకాళ్ళు ముడిచినా పట్టదు.' పొయ్యి మీద నీళ్ళు మరిగితే దించడానికి లేచాను. వెనక్కి తిరిగేసరికి టామ్సిన్ నా కుర్చీ దగ్గర నిలబడి నేను రాసింది చదువుతోంది. పుస్తకం పాడుచేశానని కోప్పడుతుందనుకున్నాను. తలెత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, దర్జీ కొలత చూసినట్టు.

"పడతావు అమ్మమ్మా," అంది. "రెండు ముక్కలు చేస్తే."

పిల్లింగ్ గారూ, నా కూతురి కూతురు ఇన్నాళ్ళ తర్వాత నాతో మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం ఇది.

నేను లెక్కల మనిషిని. ముక్కలు చేసినంత మాత్రాన ఘనపరిమాణం మారదని చెప్పాను. సందుల్లో ఖాళీ తగ్గుతుంది కదా అంది. సరే తేల్చుకుందామని మా జామ్ పాత్ర దించి నేల మీద పెట్టింది. నన్ను అందులో నిలబడమంది. నిలబడ్డాను. డెబ్బై ఏళ్ళ మనిషిని, మేజోళ్ళతో, సొంత వంటింట్లో జామ్ పాత్రలో. అది నా చుట్టూ తిరిగి చూస్తోంది. ఇదే అదను అనుకుని, ఈ పుస్తకాల్లో నీకు అంతగా ఏం నచ్చిందని అడిగాను.

"ఇందులో చచ్చిపోతే చచ్చిపోయారనే అంటారు," అంది. "మనింట్లో అమ్మ వెళ్ళిపోయిందంటారు. బళ్ళో కూడా అంతే అంటారు. అమ్మ వెళ్ళిపోతే నాకు చెప్పే వెళ్ళేది."

నేను పాత్రలోంచి దిగలేకపోయాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఏదో ఒక మాట చెప్పాలి. చెప్పవలసిన మాట ఏమిటో కూడా నాకు తెలుసు. మీకు రాయగలిగాను, దానికి చెప్పలేకపోయాను. టీ చల్లారిపోతోందన్నాను. అది మేడ మీదికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ 'ఊఁ', 'వద్దు', 'అయిపోయింది'.

ఇట్లు,
దిక్కు తోచని,
హెస్టర్ ప్రెస్కాట్.

తా.క. మార్మలేడ్‌కు టీగ్ గారు వేయించిన చక్కెర మరీ ఎక్కువ. ఆ పాకంలో అమ్మమ్మ మునగదు, పైనే అంటుకుపోతుంది. ఈ సంగతి టామ్సిన్‌కు ఇంకా చెప్పలేదు. మాట కలపడానికి నా దగ్గర మిగిలింది ఇదొక్కటే.


హాలోబీ గ్రంథాలయం.
24 మే 1986.

ప్రెస్కాట్ గారికి,

మీ మూడు ఉత్తరాలూ మొదటినుంచి మళ్ళీ చదివాను. ఈసారి మీరు రాసినట్టే చదివాను. 'ఎండ ఉన్న చోటు' అని రాసిన చేతిని ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు. మీరు క్షమించకపోయినా నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

అట్ట చించేశాను. మీరు మొదటి రోజు అడిగిన పని ఇవాళ చేశాను. 'మిగిలిన క్రంప్‌లు' అయిదు భాగాలూ బీరువాల్లోంచి తీసి, చదువుతున్నవాళ్ళ ఇళ్ళకు స్వయంగా వెళ్ళి అడిగి తెచ్చి, జిల్లా గోదాముకు పంపేస్తున్నాను. మళ్ళీ ఎవరి కంటా పడవు. మీ దగ్గరున్నవి వచ్చే శుక్రవారం బండివాడు వచ్చి తీసుకెళ్తాడు. మీరు గుమ్మం దాకా రావలసిన పని కూడా లేదు.

ఇట్లు,
తల ఎత్తలేని,
డెస్మండ్ పిల్లింగ్.

తా.క. మేజర్ గారు మాత్రం పుస్తకం ఇవ్వలేదు. ముఖం మీదే తలుపు వేశారు. లోపలినుంచి నవ్వు వినిపించింది. అది మూడో భాగం, బాకా అధ్యాయం అయి ఉండాలి.


7, చాపెల్ లేన్,
మార్ష్‌బీ.
31 మే.

పిల్లింగ్ గారికి,

మీరు ఒక మాటను అర్థం చేసుకోవడానికి మూడు వారాలు తీసుకుంటారు. తీరా అర్థమయ్యాక, దాని అవసరం తీరిపోయిన రోజున ఆ పని చేస్తారు.

నిన్న మీ బండివాడు వచ్చాడు. నాలుగు భాగాలు వాడికి అప్పజెప్పాను. అయిదోది కడుపుకు హత్తుకుని టామ్సిన్ పెరట్లో బొగ్గుల కొట్లో దూరింది. వాడు కాగితం చూసుకుని, ఇంకోటి ఉండాలి కదమ్మా అన్నాడు. నేను కొట్టు తలుపుకు అడ్డంగా నిలబడి, కనిపించడం లేదని చెప్పాను. నేను అబద్ధమాడను. తలుపు నా వీపు వెనక ఉంది, కాబట్టి కనిపించలేదు.

వాడు వెళ్ళాక లోపలికి వెళ్ళాను. టామ్సిన్ బొగ్గు కుప్ప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి జరిగింది. జరగడమంటే ఏమిటో మీకు తెలియదు. ఆ పిల్ల ఫిబ్రవరి నుంచి నాకోసం ఎక్కడా జరగలేదు. నేను బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. చక్కెర సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, "అంటుకుంటే గీకెయ్యొచ్చు," అంది. తర్వాత చివరి అధ్యాయం ఇద్దరం చెరో పేజీ పైకి చదివాం. చదవడంలో దానికి తొందర ఎక్కువ, కామాల దగ్గర ఆగదు. చివరి పేజీలో అమ్మమ్మ కాలు జారింది. ఒక చెప్పు పాత్రలో పడింది. 'అప్పుడు' అనే మాట దగ్గర పుస్తకం అయిపోయింది.

అమ్మమ్మ పడిందా లేదా అని టామ్సిన్ నన్ను అడిగింది. నాకు తెలియదన్నాను. "అయితే కనుక్కో," అంది.

కాబట్టి ఆరో భాగం వెంటనే పక్కన పెట్టండి. ఈసారి మీ అర్థంలో.

ఇట్లు,
ఒళ్ళంతా బొగ్గు మసితో,
హెస్టర్ ప్రెస్కాట్.

తా.క. గోదాముకు పంపినవన్నీ వెనక్కి తెప్పించండి. క్రాపర్ గారి భార్య ముప్పయ్యో పేజీలో ఉండగా మీరు లాక్కెళ్ళారట. ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. అది మాత్రం మీవల్ల నాకు జరిగిన మేలు.


హాలోబీ గ్రంథాలయం.
5 జూన్ 1986.

ప్రెస్కాట్ గారికి,

ఆరో భాగం మా జాబితాల్లో ఎక్కడా లేదు. అందుకని లండన్‌లో ప్రచురణకర్తలకే ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తారు. టీగ్ గారు ఇప్పుడు మాతో లేరన్నారు. వేరే ప్రచురణకర్త దగ్గరకు మారారా అని అడిగాను. లేదు, ఆయన విశ్రాంతి తీసుకుంటున్నారన్నారు. ఎప్పటిదాకా అని అడిగాను. అది మాత్రం చెప్పలేనన్నారు. మీ విషయంలో చేసిన తప్పు మళ్ళీ చేయకూడదని, "అమ్మా, ఆయన చచ్చిపోయారా?" అని సూటిగా అడిగాను. ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేశాను.

చచ్చిపోయారట. జనవరిలో. ఆరో భాగంలో ఒక్క పేజీ కూడా రాయలేదట. ఎలా పోయారని అడిగితే, మంచం మీద, అందరిలాగే అన్నారు.

పాపకు ఈ కబురు మీరెలా చెప్తారో తలుచుకుంటే నాకు నా పని మీద కూడా మనసు నిలవడం లేదు. చెప్పలేకపోతే ఒక దారి ఉంది. ఆరో భాగం అచ్చులో ఉందనీ, కాస్త ఆలస్యమవుతోందనీ గ్రంథాలయం ముద్ర వేసి ఒక ఉత్తరం పంపగలను. ఆర్నెల్లకోసారి ఇంకొకటి పంపుతాను. అది పెద్దదై మరిచిపోయేదాకా పంపుతూ ఉంటాను. మీరు ఊఁ అంటే చాలు.

ఇట్లు,
డెస్మండ్ పిల్లింగ్.

తా.క. మేజర్ గారికి చెప్పాను. టోపీ తీసి కాసేపు నిలబడ్డారు. తర్వాత, "మరి ఆ ముసలావిడ?" అన్నారు.


7, చాపెల్ లేన్,
మార్ష్‌బీ.
9 జూన్.

పిల్లింగ్ గారికి,

ఆలస్యమవుతోందన్న ఉత్తరం పంపకండి. ఒప్పుకుందామా అని ఒక పూటంతా ఆలోచించాను. అది కూడా వెళ్ళిపోయిందని చెప్పడం లాంటిదే.

శనివారం పొద్దున్న టామ్సిన్ గుడ్డు తింటుండగా చెప్పాను. ముందుగా కూడబలుక్కున్న వాక్యం ఒకటి ఉంది. నోరు తెరిచేసరికి అది రాలేదు.

"టీగ్ గారు చచ్చిపోయారు," అన్నాను.

చెంచా కింద పెట్టింది. "అమ్మలాగానా?"

"అవును. మీ అమ్మలాగే. మీ అమ్మ చచ్చిపోయింది, టామ్సిన్. వెళ్ళిపోలేదు. నీకు చెప్పకుండా అది ఎక్కడికీ వెళ్ళలేదు."

అప్పుడు ఏడ్చింది. ఇన్ని నెలలుగా ఎక్కడ దాచుకుందో తెలియదు. నేనూ ఏడ్చాను. గుడ్డు పాడయింది. ఆ తర్వాత ముక్కు నా ఏప్రనుకు తుడుచుకుని, టీగ్ గారు ఆ చివరిది ముందే రాసి పెట్టాల్సింది అంది. చచ్చిపోతానని ఆయనకు తెలిసి ఉండదన్నాను. అమ్మకి తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. మరి నాకెందుకు చెప్పలేదని అడిగింది. ఆ మాట ఎలా చెప్పాలో అమ్మకూ రాలేదు, నాకూ రాలేదన్నాను.

"టీగ్ గారికి వచ్చు," అంది.

పిల్లల పుస్తకంలో ఇలాంటివి ఎందుకని మీకు మొదటి ఉత్తరం రాశాను. ఆ ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. ఆవిరి పుడ్డింగు విషయం మాత్రం వెనక్కి తీసుకోను.

దీనితో మా ఇల్లు బాగుపడిందని అనుకోకండి. ఆదివారం అంతా మళ్ళీ మూడు మాటల పిల్లే. రూత్ కుర్చీని గోడవైపు తిప్పాను, మళ్ళీ యథాస్థానానికి తిప్పాను. రెండు రకాలుగానూ చూడలేకపోతున్నాను. అన్నిటికీ లెక్క కట్టే అలవాటున్న నాకు, ఈ ఒక్కదానికి మొదలూ చివరా దొరకడం లేదు. డెబ్బై ఏళ్ళ నేను ఎన్నాళ్ళుంటానని ఆ పిల్ల అడగలేదు. అడుగుతుంది.

ఇవాళ బడి నుంచి వచ్చి సంచీ కూడా దించకుండా, ఆరో భాగం ఎవరో ఒకరు రాయాలి కదా అంది. ఎవరు రాస్తారని అడిగాను. నువ్వు రాయి, నేను చెప్తానంది. నీకు వ్యాకరణం వచ్చు, నాకు చంపడం వచ్చంది. బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. టీ రెండుసార్లు చల్లారింది. చాలా గొడవపడ్డాం. చివరికి ఇద్దరం ఒప్పుకున్నవి కింద రాస్తున్నాను. పుస్తకం పూర్తయితే మీ బీరువాలో అయిదో భాగం పక్కన చోటు ఉంచాలి. మేజర్ గారికి కూడా చెప్పండి.

ఇట్లు,
టామ్సిన్ చెప్పగా రాసిన,
హెస్టర్ ప్రెస్కాట్.

తా.క. ఆరో భాగంలో జరగవలసినవి:

1. అమ్మమ్మ పాత్రలో పడుతుంది. చక్కెర ఎక్కువైంది కాబట్టి మునగదు, అంటుకుంటుంది. పిల్లలు గీకి తీస్తారు.

2. ఎవరు చచ్చిపోయినా చచ్చిపోయారనే రాయాలి. 'కాలం చెల్లింది' అని రాస్తే ఒక మార్కు కోత. నాకు ఇప్పటికే రెండు పోయాయి.

3. గ్రంథాలయంలో పనిచేసే మనిషి ఒకాయన రావాలి. ఆయనతో ఎవరేం చెప్పినా ఇంకోలా వినాలి. పుస్తకాల బీరువా మీద పడి ఆయన చచ్చిపోవాలని టామ్సిన్ పట్టుబట్టింది. ఒక చెయ్యి విరగడంతో సరిపెట్టించాను.

4. క్రంప్ పిల్లల అమ్మ ఎలా చచ్చిపోయిందో అయిదు భాగాల్లో ఎక్కడా లేదు. అది రాయాలి. ఆ అధ్యాయంలో నవ్వు రాకపోయినా ఫర్వాలేదు.

5. అమ్మమ్మ చావకూడదని నేనన్నాను. అలా రాస్తే అబద్ధమని టామ్సిన్ అంది. కాబట్టి అమ్మమ్మ చచ్చిపోతుంది, కాని చివరి పేజీలో.

6. పుస్తకం చాలా లావుగా ఉండాలి.